నేను వాడుకోని సెలవు గురించి

గౌరవనీయులైన విదేశీ అనుమతుల అధికారి గారి సముఖమునకు,
రెండో అంతస్తు, కుడివైపు చివరి గది.

విషయం: విదేశంలో ఏడాదిపాటు పని చేసుకుంటూ తిరిగి చూసే 'పని-సెలవు' అనుమతి – దానిని నేను ఇదివరకే వాడుకొన్నానని ఆక్షేపణ చీటీ ఇచ్చుట – ఎల్లుండితో నాకు ముప్పై ఏళ్ళు నిండుట – గురించి.

అయ్యా,

మా బాబాయి లాండ్రీలో పదమూడేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు అనుమతి ముప్పై నిండనివారికి, జన్మలో ఒక్కసారి మాత్రమే ఇస్తారు. నా స్నేహితురాలు పనిచేసే ఆపిల్ తోటలో కాయలు కోసే పని నా కోసం అట్టిపెట్టారు. తోట అవతల సముద్రం ఉందట. నేను సముద్రాన్ని దుప్పట్ల మీద అచ్చులోనే చూశాను.

2. దరఖాస్తులో 'పనికా? సెలవుకా?' అని ఉంటే రెండింటికీ టిక్కు పెట్టాను. నాలుగో కౌంటర్ గుమాస్తా గారు కళ్ళజోడు పైకి నెట్టి, "సెలవైతే మీ యజమాని ఇవ్వాలి గదమ్మా, మేమెవరం ఇవ్వడానికి?" అని సెలవిచ్చారు. 'మా అమ్మాయికి ఏడాది సెలవు ఇచ్చాను' అని బాబాయి చేత రాయించి తెచ్చాను. "సెలవులో ఉన్న మనిషి పనెలా చేస్తుంది?" అన్నారు. మళ్ళీ వెళ్తే బాబాయికి చిర్రెత్తుకొచ్చి, ఒక చేత్తో చొక్కా కాలర్ మీద నీళ్ళు చల్లుతూనే, రెండో చేత్తో 'ఇక సెలవు' అని గీకి సంతకం పెట్టాడు. అది చూసి గుమాస్తా గారు, "అయ్యో, నీ ఉద్యోగం ఊడిందమ్మా! పని లేనివాళ్ళకి సెలవెందుకు?" అన్నారు. ఆ విధంగా వారు ఎన్నో సెలవిచ్చారు గాని, సెలవు మాత్రం ఇవ్వలేదు.

3. ఉద్యోగం ఊడలేదని మూడో కాగితం తెచ్చాను. విచారణ తేలేదాకా రోజూ వచ్చి బెంచీ మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను. తొమ్మిదో రోజున గుమాస్తా గారు, "ఒక్క నిమిషం నా కుర్చీలో కూర్చో తల్లీ, టీ తాగొస్తా" అని వెళ్ళారు. ఆయన వచ్చేసరికి వరస సగం కరిగిపోయింది. అక్కడే నా కొంప మునిగింది. టీ నిమిషం గంటైంది, గంట పూటైంది. పదిహేనో రోజున ఆయన నిజంగానే సెలవు పెట్టి అత్తగారి ఊరు వెళ్ళారు. నలిగిన దరఖాస్తులు చేత్తో సాపు చేయడం, తప్పులు దిద్దడం, ముద్రలు వేయడం అన్నీ నేనే. "ఈ ఆఫీసువాళ్ళంతా ఇంతే!" అని ఒకాయన నన్ను తిట్టి కూడా పోయారు.

4. నిన్న గుమాస్తా గారు తిరిగి వచ్చి నాకొక చీటీ ఇచ్చారు. అందులో ఉన్నది ఉన్నట్టు: 'దరఖాస్తుదారు లాండ్రీకి సెలవు పెట్టి, ఇరవై ఆరు దినములు ఈ కార్యాలయమున పని చేసియున్నారు. అనగా పని-సెలవును వాడుకొన్నట్లే. జన్మకు ఒకటే గనుక తిరస్కరించదగును.' చీటీ నా చేతిలో పెట్టి, "బాగా చేశావమ్మా, రేపు కాస్త ముందే వస్తావా?" అని అడిగారు. నాకు ఏడుపొచ్చింది. అయ్యా, ఇది సెలవు ఎలా అవుతుంది? సెలవంటే మనిషికి ఎండ తగలాలి. నాకు తగిలింది ముద్ర సిరా.

రేపు తమ కార్యాలయానికి సెలవు. ఎల్లుండి నాకు ముప్పై. కావున సదరు చీటీని రద్దుచేసి, ఈ రోజే నా అనుమతి పత్రం మీద సంతకం చేయవలసిందిగా వేడుకొంటున్నాను.

తమ బల్ల దాకా వచ్చిన ఈ విన్నపాన్ని తమరు స్వయంగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఇస్త్రీ అమ్మాయి
(నాలుగో కౌంటర్, అవతలివైపు మనిషిని)

తా.క.: అయ్యగారూ, ఈ అర్జీ తీసుకుని ముద్ర వేసింది కూడా నేనేనండి, గుమాస్తా గారు టీకి వెళ్ళారు. ఈ రోజు సంతకాల కట్టలో మొత్తం నలభై రెండు పత్రాలున్నాయి. అన్నీ నా ఈడువాళ్ళవే, అన్నీ సరిచూశాను. నాది పైన పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు. కానీ మనసొప్పలేదు. మిగతావాళ్ళంతా నా కళ్ళముందే వరసలో నిలబడి ఇచ్చినవాళ్ళు. నాది అట్టడుగున ఉంది. చెయ్యి నొప్పెడితే కాసేపు ఆగండి, కావాలంటే టీ నేనే తెచ్చిపెడతా. నలభై ఒకటి దగ్గర మాత్రం లేచి వెళ్ళిపోకండి.