జెస్సీ అడిగిన ఫోను

అంగలకుదురు

ప్రియమైన రిబ్కాకి,

ప్రభువు దయవల్ల నువ్వు కువైట్‌లో ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ నేనూ, మన జెస్సీ ప్రాణాలతో ఉన్నాం. అలా ఎందుకు రాశానో చెబుతాను, కంగారు పడకు.

నువ్వు పంపిన ఉత్తరం, ఖర్జూరాలు రేపల్లె సుల్తాన్ బీ గారు తెచ్చి ఇచ్చారు. సెలవు అయిపోయి మళ్ళీ అక్కడికే వస్తున్నారు కదా, ఇది ఆవిడ చేతికే ఇస్తున్నాను. ఫోనులో నీ గొంతు వింటే నాకు నోరు పెగలదు.

చర్చి పైకప్పు సంగతి అడిగావు. రేకులు మార్చారు, ఇప్పుడు కారడం లేదు. జెస్సీ వీడియోలో మెడదాకా చున్నీ ఎందుకు కప్పుకుంటోందనీ అడిగావు. చలి అని చెప్పింది కదూ. చలి కాదు రిబ్కా. ఛాతీ మీద పొడుగునా కుట్లున్నాయి.

పోయిన నెల బాపట్లలో మా అక్క మాణిక్యమ్మని చూసి రైల్లో వచ్చాం. తెనాలి స్టేషన్ దగ్గర ఆటో ఎక్కాం. వెనక చోటు లేక జెస్సీ డ్రైవర్ పక్కన కూర్చుంది. ముందు ఇనుప చువ్వలతో వెళ్తున్న ట్రాక్టర్ ఉన్నట్టుండి ఆగింది. ఒక చువ్వ అద్దం పగలగొట్టుకుని వచ్చి పిల్ల గుండెలో దిగింది. నేను లాగబోతే జనం ఆపారు. బయటికున్న చువ్వ కోసేసి, లోపలి ముక్కతోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

“పాప ప్రాణం గుంటూరు దాకా ఆగదండి, ఇక్కడే ఛాతీ తెరుస్తాను,” అన్నారు డాక్టర్ ఝాన్సీలక్ష్మి గారు. గుండె చుట్టూ ఉండే సంచీలో రక్తం నిండి, గుండెని కొట్టుకోనివ్వడం లేదట. ఛాతీ ఎముక కోసి, చువ్వ తీసి, చిల్లిని వేలితో మూసిపెట్టి, కొట్టుకుంటున్న గుండెకే కుట్లు వేశారు. బతికించారు.

ఇంకో మాట ఉంది. లోపలికి తీసుకెళ్ళేముందు జెస్సీ నా చెయ్యి పట్టుకుంది.

“నాన్నా, అమ్మకి ఫోన్ చెయ్యవా?”

“పనిలో ఉంటుందమ్మా. అయ్యాక చేద్దాం.”

“ఇప్పుడే నాన్నా.”

ఫోను నా జేబులోనే ఉంది. తియ్యలేదు. అంత దూరాన ఒక్కదానివే కుప్పకూలిపోతావని భయపడ్డాను. తలుపు మూసేశారు. అది తిరిగి రాకపోయుంటే, దాని ఆఖరి మాట నీకు దక్కకుండా చేసినవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి. ఆ తర్వాత కూడా నీకు చెప్పొద్దని దాని నోరు కట్టేశాను.

మొన్న అడిగాను, అమ్మకి ఏం చెబుదామనుకున్నావని.

“ఏం లేదు నాన్నా. అమ్మ గొంతు వినాలనిపించింది, అంతే.”

ఇది అందాక వచ్చే ఆదివారం నువ్వే ఫోన్ చెయ్యి. నేను బయటికెళ్తాను. నన్ను ఎంతైనా తిట్టు. దాన్ని మాత్రం ఏడిపించకు. ఎముక ఇంకా అతుక్కోలేదు, ఏడిస్తే నొప్పెడుతుంది.

ఇట్లు,
నీ భర్త
ఏసుపాదం