నది మీద వేలాడిన కాళ్ళు

ఒరేయ్ గాలోడా,

నీ గది గడప తొక్కొద్దన్నావు కాబట్టి తొక్కలేదు. ఆసుపత్రి మెట్ల కింద, మందుల కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నా రాత సంగతి నీకు తెలుసు. అక్షరం ఒకచోట ఉంటే ఒత్తు ఇంకోచోట ఉంటుంది. మీ అమ్మాయి కూడబలుక్కుని చదివి వినిపిస్తుంది. నువ్వు గోడ వైపు తిరిగి పడుకుంటావని కూడా తెలుసు. తిరుగు. చెవి ఒకటి ఇటువైపే ఉంటుంది.

నిన్న నిన్ను "కాలు తీయించుకుని చావరా" అన్నాను. చావరా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాలు తీయించుకో అన్నది మాత్రం తీసుకోను. నువ్వు గ్లాసు విసిరావు, గోడకి తగిలింది. నీ గురి వయసులో ఉన్నప్పుడే అంతంతమాత్రం.

నువ్వు నన్ను వెళ్ళగొట్టాక డాక్టరమ్మ నడవలో ఆపింది. "వేలితో పోవాల్సిన కుళ్ళు పాదం దాకా వచ్చింది. ఇప్పుడు మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కుతాడు. ఇంకా పైకి పాకితే నేను మాట ఇవ్వలేను. మీరు చెబితే వింటారా?" అంది. "వాడు ఎవరి మాటా వినడమ్మా. నా మాట అయితే విన్నా విననట్టే ఉంటాడు" అన్నాను. ఆమె నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

నువ్వెందుకు మొండికేస్తున్నావో నాకు తెలుసు. మీ అమ్మాయికి పూర్తిగా తెలియదు, ఆమె కోసం రాస్తున్నాను. అమ్మాయీ, విను. మేం కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు బెలూన్ సినిమా తీశారు. ఒక తల్లీ, పిల్లలూ, వాళ్ళ మేనమామా, ఒక మేకా బెలూన్ ఎక్కి సముద్రం అవతల లైట్‌హౌస్‌లో పనిచేసే తండ్రి దగ్గరికి పోతారు. దారిలో లంగరు తాడు వంతెన కమ్మీకి చిక్కుకుంటుంది. మేనమామ బుట్టలోంచి దిగి నది మీద వేలాడతాడు. ముఖం కనపడదు, కాళ్ళే కనపడతాయి. మేనమామ వేషం కట్టిన హీరో ఆ సమయానికి ఒడ్డున గొడుగు కింద కాఫీ తాగుతున్నాడు. వేలాడింది మీ నాన్న. మీ నాన్న నడుముకి కట్టిన తాడు బుట్టలోని కప్పీ మీదుగా కిందికి వచ్చి, నది మధ్య ఇసుక తిన్నె మీద నిలబడ్డ నా చేతుల్లో ఉంది.

మా తాళ్ళ పనికి ఒక కట్టుబాటు ఉండేది. పైనున్నవాడు తాడు ఒకసారి లాగితే ఉండనీ అని, రెండుసార్లు లాగితే దించమని. పైనున్నవాడు అడగకుండా కిందివాడు దించకూడదు. కిందివాడు పైకి చూడకూడదు. చూశాడో, గుండె జారి చెయ్యి జారుతుందని మా మేస్త్రి చెప్పేవాడు. చూసినవాణ్ణి మర్నాడు పనిలోంచి తీసేసేవాడు. అందుకని నేను ఎప్పుడూ నేలనే చూసేవాణ్ణి. ఆ రోజు గాలి లేచింది. బెలూన్ ఊగింది. వంతెన కమ్మీ ఇనప అంచు మీ నాన్న ఎడమకాలి పిక్క పక్కన కోసింది. రక్తం చుక్కలు నా ముందు ఇసుకలో పడ్డాయి. అయినా ఈ మొండిఘటం ఒకసారే లాగాడు. కాసేపటికి మళ్ళీ ఒకసారే. చివరికి రెండుసార్లు లాగినప్పుడు నేను దించిన తొందరకి నా రెండు అరచేతులూ కాలిపోయాయి. ఇప్పుడు తీయాలంటున్న ఆ కాలిమీద మచ్చ చూశావుగా. అదే.

ఒరేయ్, ఆ కాలు ఎంత విలువైందో నాకంటే ఎవరికి తెలుసు. కానీ ఆ కాలు సినిమాలో ఉండిపోయింది కదరా. అక్కడ ఎవరూ కోయలేరు. మన పాత హాల్లో ఇప్పుడు పొద్దుటి ఆట ఆ సినిమాయే వేస్తున్నారు. చూసినవాళ్ళు అభిప్రాయాలు కాగితం మీద రాసి బోర్డుకి అంటిస్తున్నారట. నీ కాళ్ళ గురించి జనం ఏమంటున్నారో తీసుకొస్తాను. అది విన్నాకైనా ఒప్పుకో.

నీ
తాడుగాడు

*

ఒరేయ్ గాలోడా,

హాలుకి వెళ్ళాను. కుర్చీలు మార్చారు, వాసన మారలేదు. పిల్లల్ని వేసుకుని జనం బాగానే వచ్చారు. మేక బెలూన్ తాడు నమలడం మొదలెట్టగానే ఇప్పటికీ అదే గోల. నది ఘట్టం వచ్చేసరికి హాలంతా చప్పుడు ఆగిపోయింది. నేను ఎప్పటిలాగే తల దించుకుని కుర్చీ చేతులు పట్టుకున్నాను. ఏం చేయను, వాద్యం మారగానే మెడ దానంతట అదే వంగుతుంది. ఎన్నిసార్లు చూసినా అంతే. అరచేతుల్లో నీ తాడు కదిలినట్టే ఉంటుంది. నువ్వేమో ఒక్కసారి కూడా నాతో హాలుకి రాలేదు. సిగ్గుపడుతున్నావనుకుని ఊరుకున్నాను.

ఆట వదిలాక బోర్డు దగ్గర నిలబడ్డాను. నేను ఒక్కో అక్షరం కూడుకునేలోపు వెనకనించి తోసేస్తున్నారు. టికెట్లమ్మాయి జాలిపడి చదివిపెట్టింది.

"మేక అందరికంటే బాగా నటించింది."

"మా అమ్మతో ఇదే హాల్లో చూశాను. ఈ రోజు మా పాపతో చూశాను. పాప నిద్రపోయింది, నేను ఏడ్చాను."

"తల్లి మాటిమాటికీ కళ్ళు తుడుచుకుంటుంది. బెలూన్ నడిపేది ఎవరు?"

"రెండో సగం సాగింది. బెలూన్‌కి కూడా విసుగొచ్చి దిగిపోయినట్టుంది."

"బెలూన్ ఉబ్బుతున్నంతసేపూ మా ఆయన కూడా బుగ్గలు ఉబ్బించాడు. ఇంటికెళ్ళాక చెబుతా."

టికెట్లమ్మాయి ఇది చదివి నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. తర్వాత అడిగాను, "కాళ్ళ గురించి ఎవరూ రాయలేదా అమ్మా?"

"ఏ కాళ్ళు తాతగారూ?"

"నది మీద వేలాడే కాళ్ళు."

బోర్డంతా వెతికింది. లేదు. మర్నాడు కూడా వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. మేక గురించి బోలెడు కాగితాలున్నాయి, లైట్‌హౌస్ గురించి ఉన్నాయి, చివరికి తల్లి కట్టుకున్న నీలం కోక గురించి కూడా ఒకావిడ అరపేజీ రాసింది. నీ గురించి ఒక్క ముక్క లేదు. నీకు అబద్ధం రాద్దామని చూశాను. "ఆ కాళ్ళు చూసి ప్రాణం పోయినంత పనైంది" అని నేనే ఒకటి కల్పించి టికెట్లమ్మాయి చేత రాయించాను కూడా. జేబులో పెట్టుకుని ఆసుపత్రి దాకా వచ్చి చింపేశాను. నీకు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చెప్పినా నువ్వు పట్టేస్తావు.

మీ అమ్మాయి మెట్ల మీద కనపడింది. "బాబాయ్, వాసన మొదలైంది" అంది. అంతకంటే ఏమీ అనలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ముఖం చూసైనా ఒప్పుకో. నేను నిన్ను బతిమాలడం ఇదే మొదటిసారి. నీకు బాగుందా?

నీ
తాడుగాడు

*

ఒరేయ్,

ఈ రోజు నన్ను హాల్లోంచి గెంటేశారు. మళ్ళీ రానివ్వొద్దని మేనేజరు గేటువాడికి చెప్పాడు. నాకంటే ముందే నీకు చేరవేసేవాళ్ళుంటారు, అందుకని నేనే చెబుతున్నాను.

బోర్డు మీద నీ కాళ్ళ గురించి దొరికింది. కొత్త కాగితం. టికెట్లమ్మాయి చదవనా వద్దా అన్నట్టు నన్ను చూసి, చదివింది. "నది మీద వేలాడేవి గడ్డి కూరిన బొమ్మ కాళ్ళు. మోకాళ్ళు వంగవు. అయినా మా తరగతి పిల్లలందరూ ఊపిరి బిగబట్టారు."

నాకు కళ్ళు కనపడలేదు. కాగితం పీకేశాను. రాసినావిడ అక్కడే ఉంది, పిల్లల్ని వరసలో నిలబెడుతోంది. పంతులమ్మ. "ఎవరమ్మా గడ్డి బొమ్మ? గడ్డికి రక్తం వస్తుందా? అది నా స్నేహితుడు. ఆ తాడు పట్టుకున్నది నేను" అని రెండు చేతులూ చాపి చూపించాను. పిల్లలు భయపడి ఆమె వెనక్కి దూరారు. ఎవడో మగాయన "తాడు లాగే పని చేసినవాళ్ళందరి చేతులూ అలాగే ఉంటాయి పెద్దాయనా" అన్నాడు. వాడి చొక్కా పట్టుకున్నాను. అప్పుడు గేటువాడు వచ్చాడు.

పంతులమ్మ కోపగించుకోలేదు. అదే నన్ను చంపేసింది. వాకిలి దాకా నా వెంట వచ్చి నెమ్మదిగా అడిగింది, "తాతగారూ, మీరు ఆ కాళ్ళని ఎప్పుడైనా సరిగ్గా చూశారా?"

చూడలేదురా. ఆ రోజూ చూడలేదు, తెర మీదా చూడలేదు. ఇన్నేళ్ళూ టీ కొట్టులో, పెళ్ళిళ్ళలో, బస్సులో పక్కన కూర్చున్నవాడితో సహా అందరికీ చెప్పుకుని తిరిగాను. ఒక్కసారి తలెత్తలేదు. ఇప్పుడు ఎత్తుదామంటే హాల్లోకి రానివ్వరు.

ఆవిడ అన్నది నేను నమ్మను. నువ్వు కాదంటే చాలు. నువ్వు బతికి, కర్ర పట్టుకుని ఆ హాలుకి వచ్చి, మిగిలిన కాలు ఆమె ముందు వంచి చూపించు. అందుకోసమైనా బతుకు. లేదా నన్ను తిట్టడానికి బతుకు. నువ్వు పైన వేలాడుతూ ఒకసారే లాగుతున్నావు. ఉండనీ అంటున్నావు. అడగకుండా దించకూడదన్న కట్టుబాటు నాకు గుర్తుంది. కానీ రక్తం చుక్కలు నా ముందు పడుతుంటే నేల చూస్తూ ఎంతసేపు నిలబడనురా. నాకిక ఓపిక లేదు. నువ్వు పోతే ఈ తాడు రెండో కొసకి ఎవడూ ఉండడు. ఖాళీ తాడు పట్టుకుని నేనేం చేసుకోను?

డాక్టరమ్మ రేపటి తర్వాత కత్తి పట్టుకోనంది. ఇంకేమీ రాయలేను.

తాడుగాడు

*

ఒరేయ్ తాడుగా,

మాటలు నావి, రాత అమ్మాయిది. మధ్యమధ్య ఏడుస్తోంది, కాగితం మీద తడి నాది అనుకుని మురిసిపోకు.

పంతులమ్మ చెప్పింది నిజం. అవి గడ్డి కాళ్ళు.

ఆ రోజు నేను వేలాడినంతసేపూ మబ్బు కమ్మి ఉంది. తీసిందంతా నల్లగా వచ్చిందట, పనికి రాలేదు. నువ్వు చేతులకి కట్లు కట్టుకుని ఇంట్లో ఉన్నావు. వాళ్ళు నా దగ్గరికి వచ్చి, మళ్ళీ మనిషిని ఎక్కించం, గాలి బాగాలేదు, నీ ప్యాంటు ఇవ్వు అన్నారు. ఇచ్చాను. షెడ్డు వెనక నా ప్యాంటులో గడ్డి కూరుతుంటే పక్కన నిలబడి చూశాను. గడ్డి కూరేవాడు "కాళ్ళు కొంచెం లావుగా ఉండాలా అన్నా?" అని నన్నే అడిగాడు. నేనే చూపించాను ఎంత ఉండాలో.

మొదటి ఆటకి ఒక్కణ్ణే వెళ్ళి చూసి వచ్చాను. నీకు చెబుదామని మీ ఇంటికి వచ్చేసరికి నువ్వు అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టుకుని, మచ్చలు పడిన అరచేతులు చూపిస్తూ నా కథ చెబుతున్నావు. నన్ను చూసి, "ఇదిగో వచ్చాడు" అన్నావు. వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఇక ఎలా చెప్పనురా. ఆ తర్వాత నువ్వు చెప్పిన ప్రతిసారీ నేను ఆ గడ్డి మింగుతూనే ఉన్నాను. అందుకే నీతో హాలుకి రాలేదు.

కాలు సినిమాలో ఉండిపోయిందని రాశావు. అది వినే నేను గోడ వైపు తిరిగాను. అక్కడ లేదు. నేను వేలాడానన్నదానికి ఈ పిక్క మీద మచ్చ తప్ప ఎక్కడా గుర్తు లేదు. దాన్ని కూడా కోసి బకెట్‌లో వేస్తే, నేను అసలు పైకి వెళ్ళినట్టు నాకైనా ఎలా నమ్మకం? అదీ నా మొండితనం. కాళ్ళ అందం కాదు.

నీ మూడో ఉత్తరం అమ్మాయి చదువుతుంటే, నువ్వు ఆ జనంలో చేతులు చాపి నిలబడ్డ చోట ఆపమన్నాను. మళ్ళీ చదవమన్నాను. గుర్తు నా కాలి ఒక్కదాని మీదే ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నీ అరచేతుల సంగతి నాకు తట్టలేదు. పైన నిజంగా నా బరువు లేకపోతే ఆ చేతులు అలా కాలతాయా? తెర మీద నన్ను చూసినవాడు ఒక్కడూ లేడు. పట్టుకున్నవాడు ఒక్కడున్నాడు. అది చాలు. కాలు తీసుకోమను.

ఆ పంతులమ్మకి క్షమాపణ చెప్పు. కాగితం మళ్ళీ అంటించు. పిల్లలు ఊపిరి బిగబట్టారట కదా. గడ్డి బాగానే కూరామన్నమాట.

డాక్టరమ్మ వచ్చి వెళ్ళింది. రేపు పొద్దున్నే తీసుకెళ్తారట. నడుముకి తాడు కడతారా అని అడిగాను. నవ్వింది. నువ్వు ఆ తలుపు ఎదురుగా బల్ల మీద కూర్చో. గడప తొక్కొచ్చు. ఇప్పుడు రెండుసార్లు లాగుతున్నాను. దించు. తొందరపడి చేతులు కాల్చుకోకు.

ఇంకొకటి. తలుపు తెరిచి నన్ను బయటికి తెచ్చేటప్పుడు నేల చూస్తూ కూర్చోకు. ఈసారి తలెత్తి చూడు. ఒక్కడైనా చూడాలి కదరా.

నీ
గాలోడు