కుడిచేతి కత్తి

అత్తయ్యా, ఈ ఉత్తరం మామయ్య కంటపడనివ్వకు.

ఆయన పంపిన జపాన్ కత్తి అందింది. వాడగానే కడిగి తుడవమని, సబ్బునీళ్ళలో నానబెట్టొద్దని, ఎముకలు కొట్టొద్దని చీటీలో రాసినట్టే చేస్తున్నాను. అయినా నెల రోజులుగా ముల్లంగి కోస్తే ముక్క వంకరగానే వస్తోంది. కొత్త హెడ్ కుక్ నన్ను కోతబల్ల నుంచి తప్పించి గిన్నెల దగ్గర పెట్టాడు. నా చేతికే ఏదో అయిందని భయపడ్డాను.

నిన్న సానపట్టే తాత కత్తిని తిప్పి చూసి, "పదును ఒకవైపే పెట్టారమ్మా. ఇది కుడిచేతివాళ్ళ కత్తి. నీకెవరిచ్చారు?" అన్నాడు.

అప్పటినుంచి నాకేమీ పాలుపోవడం లేదు. చిన్నప్పుడు చెయ్యి మార్చుకోమని అందరూ కసిరితే, "దాని చెయ్యి దానిష్టం, మీకేం పోయింది?" అని అడ్డుపడింది మామయ్యే కదా! ఆయన రిటైరయ్యేదాకా ఇదే హోటల్లో పదకొండేళ్ళు ఆయన పక్కన నిలబడి ఎడమచేత్తో కోశాను. షాపువాడి పొరపాటా? నామీద కోపమా? మొన్న ఫోనులో, "ఇంతకీ ఎక్కడ పనిచేస్తున్నావే?" అని రెండుసార్లు అడిగారు. వేళాకోళమనుకుని నవ్వేశాను.

సెలవు పెట్టి ఆదివారం వస్తున్నాను. ఈలోగా మాటల మధ్యలో, నేను ఏ చేత్తో కోస్తానో ఆయన్ని ఒకసారి అడిగి చూడు. ఏం చెప్పినా ఫోను మాత్రం చెయ్యకు. వచ్చాక నీ పక్కన కూర్చుని వింటాను.

మీ ఇంటి పిల్ల