జాకీ మీద కొలిచిన కోణం

మంగళవారం, మొయినాబాద్

ఈ రోజు యాదయ్యన్న తప్పును నేను దిద్దాను. నాకు పని నేర్పింది ఆయనే. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ వాళ్ల జీపు ఎత్తు పెంచాక, వెనక చక్రాలకు వెళ్లే షాఫ్ట్ కోణాన్ని జీపు జాకీ మీదుండగానే కొలిచి బిగించాడు. గాల్లో చక్రాలు కిందికి వేలాడి కోణం తప్పుగా చూపిస్తుంది; అలాగే నడిపితే బండి వణికి జాయింట్ విరుగుతుంది. ఆయన చాయ్‌కి వెళ్లగానే బండి దించి, ఫోన్‌లోని యాప్‌తో కోణం కొలిచి మళ్లీ బిగించాను.

తిరిగొచ్చి చక్రాలకేసి చాలాసేపు చూశాడు.

"నేల మీదున్నప్పుడే కొలవాలని నీకు చెప్పింది నేనే కదరా?"

"గిట్ల ఎవరికైనా అయితదన్నా."

ఆయన ఇన్నేళ్లూ ఎవరినీ ముట్టనివ్వని తన కోణం కొలిచే గేజీని తుడిచి, నా టూల్‌బాక్స్‌లో పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన వచ్చేదాకా ఆగి, "అన్నా, ఇంకోసారి జూడవా" అని ఉంటే, ఆ గేజీ ఇంకా ఆయన దగ్గరే ఉండేదేమో...