ఒంటిచెవి ఎలుగుబంటి

అమ్మకు దండాలు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని కంగారుపడకు, ఎడమచేత్తో రాస్తున్నాను. మిషనులో నలిగిన కుడిచేతికి కట్టు విప్పారు. వేళ్ళు వంగాలని ఆస్పత్రిలో కసరత్తులు చేయించే మేడం నాచేత క్రోషా అల్లిస్తోంది. పట్టభద్రుడైన నీ కొడుకు నెల్లాళ్ళు తపస్సు చేసి అక్క కూతురికి జానెడు ఎలుగుబంటి బొమ్మను ప్రసాదించాడు. క్రోషా సూదిని పిడికిట్లో పట్టొచ్చు గానీ కుట్టుసూది వేళ్ళకు చిక్కదు. అందుకే కాళ్ళ నుంచి తల దాకా ఒకే ముక్కగా అల్లాను. తలలో దూది కూరకముందే ముడివేసేశాను కనుక, పాపం అది సదా తల వాల్చుకునే ఉంటుంది. చెవులు మాత్రం కుట్టక తప్పలేదు. ఒక చెవికి మూడు రోజులు పట్టింది. రెండోది కుడుతుంటే సూది జారుతూనే ఉంది.

“ఇంక చాల్లే బాబూ, ఆ వేళ్ళు ఇంతకంటే వంగవు,” అంది మేడం.

“అయితే దీనికి ఒక చెవే వినపడుతుంది మేడం,” అన్నాను. ఆవిడ నవ్వలేదు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నా రంగుల పెట్టె, కుంచెలు చెల్లికిచ్చెయ్యి, ఎండబెట్టుకుని ఏం చేస్తాను. బొమ్మతోపాటు రెండో చెవి విడిగా పంపుతున్నాను, నువ్వు కుట్టు. పాపకు నా దీవెనలు. రెండు చెవులూ మామయ్యే కుట్టాడని చెప్పు.