లోపలి గడియ

నాసిక్,
మంగళవారం.

అక్కకి,

నీ చెల్లెలు రమణి నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం ఇప్పుడు క్షేమంగా ఉన్నాం. ‘ఇప్పుడు’ అని ఎందుకు రాశానో కింద చెబుతాను, కంగారుపడకు. బావగారి మోకాలు ఎలా ఉంది? పెనుగొండలో కొట్లు మధ్యాహ్నానికే కట్టేస్తున్నారట, నిజమేనా?

ఈ మూడు వారాలూ ఫోన్లో నీకు అబద్ధం చెప్పాను. నీ మరిదికి కరోనా వచ్చింది. నువ్వు బెంగపడతావని దాచాను. ఇప్పుడు ఫోన్లో చెబుదామంటే ఆయన పక్కనే ఉంటున్నారు, అందుకే ఉత్తరం.

జ్వరం తగిలిన రోజే పడకగదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నారు. నేనూ పిల్ల శ్రావణీ హాల్లో చాప వేసుకున్నాం. గది ముందు స్టూలు మీద కంచం పెట్టి మేం వంటింట్లోకి వెళ్లాకే తలుపు తీసేవారు. మాస్కు కట్టుకుని వచ్చి ఒక్కసారి నుదురు ముట్టుకుని చూస్తానంటే కసిరారు. పెళ్లయిన పదిహేడేళ్లలో ఆయన నన్ను కసరడం అదే మొదలు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

రోజంతా పని లేదు. గుమ్మం దాటే వీల్లేదు. పాల ప్యాకెట్లు పక్కింటివాళ్లు గుమ్మం ముందు పెట్టి వెళ్లేవారు. పప్పుచారు మరుగుతుంటే మన ఇల్లే గుర్తొచ్చేది. ఎండాకాలం నాన్న కొట్టు తలుపులు ఓరగా వేసి కునుకు తీస్తే, మనిద్దరం గుడ్డ తానుల మధ్య దూరి గుసగుసలాడుకునేవాళ్లం కదా. ఆ కొత్త గుడ్డ వాసన ఇక్కడ హాల్లో కూర్చున్నా తగిలినట్టుండేది. మధ్యాహ్నాలు తలుపుకి ఆనుకుని కూర్చుని అవే ఆయనకి చెప్పేదాన్ని. ఆయన లోపలినుంచి మొగల్తూరు కబుర్లు చెప్పేవారు, సరుగుడు తోటల్లోంచి సముద్రానికి నడిచి వెళ్లడం, తడి బట్టలతో ఇంటికొచ్చి తిట్లు తినడం. ఇన్నేళ్లలో ఆయన అంత మాట్లాడగా నేను వినలేదు.

ఆరో రోజు పొద్దున, వేలికి పెట్టుకునే మిషన్లో ఆక్సిజన్ అంకె పడిపోయింది. ఇంకాస్త తగ్గితే ఆసుపత్రికి తీసుకెళ్లాలని డాక్టరు ఫోన్లో అన్నారు. ఎక్కడా మంచాలు లేవని అందరికీ తెలుసు. నేను తలుపు బాదాను.

“తియ్యను రమణీ. చిన్నప్పుడు ఇలాగే తలుపు తీసి చెల్లెల్ని పోగొట్టుకున్నాను” అన్నారు.

ఆయాసపడుతూనే చెప్పారు. ఆయన తొమ్మిదో ఏట తట్టు పోస్తే మొగల్తూరు ఇంట్లో పెరటి గదిలో పడుకోబెట్టారట. అయిదేళ్ల చెల్లెల్ని అటు రావద్దన్నారట. ఒక్కడికీ తోచక, గవ్వలాడుకుందాం రమ్మని ఈయనే గడియ తీశారట. పది రోజులకి ఆ పాపకి తట్టు పోసింది. మళ్లీ లేవలేదు. గడియ తీసిన సంగతి నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదట.

ఇంక తలుపు తీయమని నేను అడగలేదు. డాక్టరు చెప్పినట్టు బోర్లా పడుకోమన్నాను. గంటకోసారి అంకె అడుగుతూ అక్కడే కూర్చున్నాను. సాయంత్రానికి కొంచెం పెరిగింది. తర్వాత మెల్లగా తేరుకున్నారు.

బయటికొచ్చిన రోజు తలంటు పోసుకుని మా అత్తగారికి ఫోన్ చేశారు. చెప్పమని నేనే అన్నాను. అంతా చెప్పి, “నావల్లే పోయిందమ్మా” అన్నారు. ఫోను స్పీకర్లో ఉంది, ఆవిడ మాట నాకూ వినిపించింది.

“అది నీ గదిలోకి రావడం నేను చూశానురా. అన్నయ్య కావాలని రెండ్రోజులు ఏడ్చింది. పోనీలే అని చూసి ఊరుకున్నాను. నీతో ఎలా చెప్పను?” అన్నారు.

ఇద్దరూ ఏడ్చారు. కాసేపటికి ఆవిడే, అన్నం తిన్నావా అని అడిగారు.

అక్కా, బస్సులు తిరగడం మొదలయ్యాక ఒకసారి మొగల్తూరు వెళ్లి ఆవిడని చూసిరా. ఏమీ అడగొద్దు, కాసేపు పక్కన కూర్చో చాలు. పోస్టాఫీసులో పార్సిళ్లు తీసుకుంటుంటే కాస్త మాగాయ పంపించు. ఈయన నోటికి ఇప్పుడిప్పుడే రుచి తెలుస్తోంది. నా గురించి దిగులు పెట్టుకోకు, నాకు దగ్గు కూడా రాలేదు.

బావగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నీ దీవెన మా ముగ్గురి మీదా ఉండాలి.

ఆ పాప పేరు సీతామాలక్ష్మి. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా ఆ పేరు ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు తల్లీకొడుకులు రోజూ ఫోన్లో దాని అల్లరి చెప్పుకుంటున్నారు.

నీ చెల్లెలు,
రమణి