మూడో మలుపు నుంచి పిలుపు

చిరంజీవి పెద్దోడికి నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేను, కోడలు బాగానే ఉన్నాం. ఓడ మీద నువ్వూ బాగున్నావని తలుస్తాను. బాగానే ఉన్నాం అని రాశాను గాని, ఈ పూట ఆ మాట పూర్తిగా నిజం కాదు. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. కోడలు పొద్దున్నే లారీ తీసుకుని క్వారీకి ఎక్కింది. కొండంతా పొగమంచు. నేను రేడియో ముందు కూర్చుని, ఒక చెవి అటు వేసి రాస్తున్నాను.

ఆ దారి నీకు తెలిసిందే. ఒక్క బండే పడుతుంది. ఐదు మలుపులు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ప్రతి మలుపు దగ్గరా రేడియోలో పిలవాలి. ఎదుటి బండి పలికితే వెడల్పు చోట ఆగాలి. ఎవరూ పలకకపోతే దారి ఖాళీ అని పోవాలి.

ఇప్పుడే పిలిచింది. "మొదటి మలుపు, ఖాళీ బండి, ఎక్కుతున్నా." గొంతు బాగానే ఉంది.

నీ ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. మోకాలు మెట్లు దిగేటప్పుడే నేనున్నానంటోంది. కోడలు బండి నడుపుతూ ఇంకా పాడుతోందా అన్నావు. పాడేది. ఈ వారం పాడలేదు. ఎందుకో కింద రాస్తాను. నువ్వు గీసి పంపిన బొమ్మ ప్రకారం చేసిన పెట్టె పలికిందా అన్నావు. నాలుగోది, రేడియోలో నువ్వు ఎప్పుడైనా మాట్లాడతావా నాన్నా అన్నావు. లేదు. నలుగురూ వినేచోట నేనేం మాట్లాడతాను.

పెట్టె పలికింది నాయనా. నేను లారీ నడిపిన నాటి రేడియో సెట్లు రెండూ, ఇంట్లోదీ బండిలోదీ, ఛానలుకొకటి ఉండే క్రిస్టల్ బిళ్లలు చచ్చి మూలన పడి ఉన్నాయి కదా. అన్నన్ని పాత క్రిస్టళ్లు ఇప్పుడెక్కడ దొరుకుతాయి. నువ్వు చెప్పినట్టే ఒక్క క్రిస్టల్ పెట్టి, దాని మీద లెక్కకట్టి అన్ని ఛానళ్లూ పుట్టించే సింథసైజరు చేశాను. సబ్బుపెట్టెలో పట్టింది. రెండు సెట్లకూ రెండు చేశాను. ఛానలు అంకె తిప్పితే చిన్న దీపం ఒక్కసారి ఆరి, మళ్లీ వెలిగి నిలబడేది. నిలబడితే లెక్క కుదిరినట్టే అని నువ్వే రాశావు. ఐదో తరగతి చదువు నాది. ఆ దీపం చూస్తూ గంటసేపు కూర్చుండిపోయాను.

కోడలు వాకిట్లో బండిలోంచి మాట్లాడింది. నేను లోపల, చెవిలో దూరి మాట్లాడుతున్నట్టు విని, కిటికీలోంచి చెయ్యి ఊపాను. "పలికింది మావయ్యా. మీ అబ్బాయి ఓడ దిగొచ్చి మీ దగ్గర పని నేర్చుకోవాలి" అంది. పొంగిపోయాను.

రెండో మలుపు దగ్గర పిలిచింది. ఎవరూ పలకలేదు. ఖాళీ అనే కదా అర్థం. అయినా రేడియో చప్పుడు ఇంకాస్త పెంచాను.

ఇంక దాచలేను నాయనా. ఎనిమిది రోజుల కింద, ఇలాంటి మంచులోనే, మూడో మలుపులో మన బండికి ఎదురుగా బొంగురాయన బండి దిగింది. అద్దె సెట్టు తిరిగి ఇచ్చేసి, నా పెట్టెతో కోడలు కొండ ఎక్కడం అదే మొదటిసారి. నీకు గుర్తుండే ఉంటాడు, రంపం కోసినట్టు గొంతు ఉండే ఆ పెద్ద డ్రైవరు. ఇద్దరూ బ్రేకు తొక్కారు. మన బండి ముందు చక్రం ఒకటి గట్టు దాటి గాల్లో నిలిచింది. కోడలి మణికట్టు బెణికింది. అంతకు మించి దెబ్బ లేదు. నువ్వు భయపడకు. నేను పడుతున్నది చాలు.

"మూడుసార్లు పిలిచాను" అని బొంగురాయన. "నేనూ పిలిచాను, ఒక్క మాట రాలేదు" అని కోడలు. ఆ పూట దారిలో ఇంకో బండి లేదు. కోడలి పిలుపు నేను ఇంట్లో విన్నాను. క్వారీ యజమాని అడిగితే విన్నానని తల ఊపాను. "ఈమె మాట ముసలాయన విన్నాడు. నీది ఎవరు విన్నారు?" అని బొంగురాయన చేతిలోంచి లారీ తాళాలు తీసేసుకున్నాడు.

ఆయన పిలిచి ఉంటే మా రెండు సెట్లకూ ఎందుకు అందలేదు? ఆ పూట ఏదో గొణుగుడు వినిపించింది. ఇంజను చప్పుడనుకున్నాను. మర్నాడు సబ్బుపెట్టె విప్పి, క్రిస్టల్ మీది అంకెలు భూతద్దంతో చూశాను. నువ్వు రాసింది పది పాయింటు రెండు నాలుగు సున్నా. నేను పెట్టింది రెండు నాలుగు ఐదు. పాత సామాను కొట్లో ఒకే పొట్లంలోంచి రెండూ ఏరాను. ఆ ఐదు నా కళ్లకు సున్నా అయింది. రెండు పెట్టెలూ ఒక ఛానలంత పక్కకు జరిగి, వాటిలో అవి హాయిగా మాట్లాడుకున్నాయి. ఇంకెవరి మాటా వాటికి అందలేదు, వాటి మాట ఇంకెవరికీ అందలేదు. నా తప్పును నా తప్పుతోనే సరిచూసుకున్నాను.

అది తెలిశాక కూడా ఆరు రోజులు నోరు విప్పలేదు. సిగ్గరివాణ్ణని అందరూ అంటారు. అది సిగ్గు కాదు, భయం.

నిన్న కోడలికి చెప్పాను. గిన్నెలు కడుగుతున్నది ఆగింది. "ఆరు రోజులు మింగుకుని కూర్చున్నారా మావయ్యా? ముద్ద ఎలా దిగింది మీకు?" అంది. చెయ్యి తుడుచుకుని, లారీ తాళం తీసుకుని, "ఎక్కండి" అంది. కొండ కింద ఆఫీసులో యజమాని బల్ల మీద ఆ రెండు క్రిస్టళ్లూ పెట్టాను. కోడలు చెప్పబోతే వద్దని నేనే చెప్పాను. బొంగురాయనను పిలిపించి తాళాలు ఇచ్చేశారు. "చెవుడు నీ పెట్టెకి, శిక్ష నాకా ముసలాయనా?" అన్నాడు.

సాయంత్రం సరైన క్రిస్టళ్లు తెచ్చి వేశాను. ఈసారి బొంగురాయన సెట్టుతో సరిచూశాం. ఆయన "ఒకటి, రెండు" అని మాత్రం అన్నాడు. కానీ అది ఆఫీసు ముందు, చదును నేల మీద. కొండ మీది చలికి ఆ దీపం ఆరిపోతే? "ఇవాళ మానెయ్యమ్మా" అన్నాను. "నేనే మానేస్తే మీ పెట్టెను ఇంకెవరు నమ్ముతారు?" అని వెళ్లింది.

రెండో మలుపు నుంచి మూడోదానికి ఏడు నిమిషాలు. తొమ్మిది అయ్యాయి. నా పెట్టెలో దీపం వెలుగుతూనే ఉంది. తన పెట్టెలో?

పదకొండు.

ఇదిగో, పలికింది. తను కాదు. "మూడో మలుపు, నిండు బండి, దిగుతున్నా." రంపం గొంతు. తరువాత ఏమీ లేదు. కలం పట్టుకునే ఉన్నాను, రాయలేకపోయాను. అప్పుడు కోడలు. "విన్నా అన్నా. మంచుకి మెల్లగా వస్తున్నా. మలుపు కింద వెడల్పులో ఆగా. నువ్వు దిగు."

మాట్లాడే బటన్ నొక్కాను నాయనా. "నేనూ విన్నాను" అన్నాను.

గరగరల్లోంచి మళ్లీ రంపం గొంతు. "ఎవరది, ముసలాయనా? నీకూ నోరుందే! అప్పుడే తెరిచి ఉంటే నా ఆరు రోజులు నాకు మిగిలేవి" అన్నాడు. దారిలో ఉన్న బండ్లన్నీ విన్నాయి. వినవలసిందే.

కోడలు కూనిరాగం తీస్తోంది. బటన్ వదలడం మరిచినట్టుంది. అది వదిలేదాకా తనకు ఎవరి మాటా వినబడదు. ఇంకా మూడు మలుపులున్నాయి. ఇంక రాయలేను, వినాలి.

ఇట్లు,
రేడియో దగ్గరే ఉన్న
మీ నాన్న